బిందె మీద ఎండ: ఉన్న వీధిలోనే ఫొటోలు వెతుక్కోవడం ఎలా

నల్గొండలో నాకొక మందుల షాపు ఉంది. పొద్దున 9 గంటలకు షట్టర్ ఎత్తితే మళ్లీ దించేది రాత్రి 10కే. ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూట సెలవు. ఫొటోల పిచ్చి పట్టిన కొత్తలో ఆ ఒక్కపూట కోసం వారమంతా కాచుకుని ఉండేవాణ్ణి. సాగర్ గేట్లు ఎత్తారంటే చాలు, బండి తీసేవాణ్ణి. అక్కడ 26 గేట్లకు ఎదురుగా నాలాంటివాళ్లు వందల మంది, అందరూ ఒకేచోట నిలబడి ఒకే ఫొటో తీస్తుండేవాళ్లు. ఇంటికొచ్చి చూసుకుంటే అది నేను తీసిందో, ఎవరో వాట్సాప్‌లో పంపిందో నాకే తెలిసేది కాదు.

ఇన్నేళ్లలో నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చే ఫొటో మా షాపు ఎదురుగా, నల్లా దగ్గర తీసింది. నల్లా ఇంకా రాలేదు. గోడవారన ఆరు బిందెలు వరుసగా ఉన్నాయి. ఐదు ప్లాస్టిక్‌వి, ఒకటి స్టీలుది. ఎదురు మేడ పిట్టగోడ మీంచి ఎండ సన్నగా దిగి ఆ స్టీలు బిందె ఒక్కదాని మీదే పడింది. నాలుగు నిమిషాలుంది. ఆ తర్వాత వీధంతా ఎండ పరుచుకుని బిందెలన్నీ ఒకటే అయిపోయాయి. ఆ నాలుగు నిమిషాలు ఎప్పుడొస్తాయో ముందే తెలుసుకుని కాచుకోవడం ఎలా అన్నదే కింద రాస్తున్నాను. కెమెరా ఏదైనా ఫర్వాలేదు. నావి సగం ఫొటోలు ఫోన్‌తో తీసినవే.

1. రెండు వందల అడుగుల గిరి గీసుకోండి

మీ ఇంటి నుంచో, షాపు నుంచో నాలుగు దిక్కులా రెండు వందల అడుగులు నడవండి. టేపుతో కొలిచే అడుగులు కాదు, కాళ్లతో వేసే అడుగులు. నెల రోజుల పాటు ఆ గిరి దాటి ఫొటో తీయొద్దు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు వస్తే తీసుకోండి, అవి లెక్కలోకి రావు.

మొదటి రోజు కెమెరా తీసుకుపోకండి. జేబులో చిన్న నోట్‌బుక్కు, పెన్ను చాలు. కనబడ్డవి 30 రాయండి. అందమైనవే అక్కర్లేదు, ఉన్నవి రాయండి. ఒక్కటే షరతు. "గోడ" అని రాస్తే కుదరదు. "సున్నం పెచ్చులూడి కింద పాత నీలం బయటపడ్డ గోడ" అని రాయాలి. అలా రాయాలంటే గోడ ముందు ఆగక తప్పదు కదా, అందుకే ఈ షరతు.

నా మొదటి జాబితాలో పదో నంబరు దాకా గుడి గోపురం, వేపచెట్టు, గోడ మీద పిల్లి, ఇలాంటివే ఉన్నాయి. ఇరవై దాటేసరికి రాయడానికి ఏమీ మిగల్లేదు. మళ్లీ మొదటి నుంచి నడవాల్సి వచ్చింది. అప్పుడు కనబడ్డాయి: మిర్చి బండి మీద నూనె కారుతున్న జాలిగరిటె, టైలర్ గుమ్మంలో గాలికి పోకుండా రాయి పెట్టిన గుడ్డముక్కల కుప్ప, సైకిల్ మెకానిక్ ట్యూబు ముంచి పంక్చర్ వెతికే నీళ్ల తొట్టి, కిరాణా కొట్టులో చక్కెర బస్తా మీద కప్పిన పాత క్యాలెండర్, మా షట్టర్ సగం ఎత్తినప్పుడు బండల మీద పడే వెలుగు గీత. ఆ ఏడాదంతా ఎక్కువగా ఈ ఐదింటితోనే గడిపాను.

పల్లెలో ఉండేవాళ్లకు ఇంకా సులువు. కొట్టం గుంజకు వేలాడే గొంగడి, గౌడన్న ఇంటి గోడకు చుట్టి పెట్టిన మోకు, దీపం గూట్లో ఏళ్లనాటి నూనె మరక, కుడితి గోలెం. ఇవి మీకు రోజూ కనబడేవే కాబట్టి మీ జాబితాలోకి అంత తొందరగా రావు. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాన్ని వెంటబెట్టుకుని ఒక చుట్టు తిరగండి. ఆయన దేని ముందు ఆగితే అది రాసుకోండి.

2. ఎండకు టైంటేబుల్ రాయండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చేయగలిగితే ఇది చేయండి. జాబితాలోని ప్రతి వస్తువు పక్కనా దాని మీద ఎండ ఎప్పుడు పడుతుందో, ఏ పక్క నుంచి పడుతుందో, ఎప్పుడు పోతుందో రాయాలి. రైలు టైంటేబుల్ లాగే. "టైలర్ గుమ్మం, 4:10 నుంచి 4:35, ఎడమ నుంచి." రెండు వారాల్లో పేజీ నిండుతుంది. ఆ తర్వాత ఫొటో కోసం వెతకడం ఉండదు, ఏ బండి ఎప్పుడొస్తుందో తెలిసి ప్లాట్‌ఫారం మీద నిలబడటమే.

ఈ టైంటేబుల్ ఏడాదంతా ఒక్కలా ఉండదు. మన దగ్గర జూన్‌లో పొద్దు 5:40 ప్రాంతంలోనే పొడుస్తుంది, జనవరి చివర్లో 6:45 అవుతుంది. టైం ఒక్కటే కాదు, దిక్కు కూడా మారుతుంది. ఎండాకాలం పొద్దు ఈశాన్యం వైపు జరిగి పొడుస్తుంది, చలికాలం ఆగ్నేయం వైపు. అందుకే డిసెంబరులో ఎండ దూరిన సందులోకి జూన్‌లో చుక్క వెలుగు రాదు. మార్చి 21, సెప్టెంబరు 23 అటూఇటుగా మాత్రం సరిగ్గా తూర్పున పొడుస్తుంది. మీ వీధి తూర్పు పడమరలుగా ఉందంటే ఆ వారం పొద్దున్నే లేవండి. ఎండ వీధి పొడవునా నేల మీద పాకుతూ వస్తుంది. పాలప్యాకెట్ల డబ్బా నీడ పది ఇళ్ల దాకా సాగుతుంది.

పొద్దున, సాయంత్రం వెలుగే మంచిదని, మధ్యాహ్నం కెమెరా మూసేయమని అందరూ చెబుతారు. మనుషుల ముఖాల విషయంలో అది నిజమే, కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. కానీ మన పాలమూరు, నల్గొండ ఎండకు మధ్యాహ్నం ఒక రుచి ఉంది, దాన్ని వదిలేయడం నాకిష్టం లేదు. ఆ వేళ వస్తువును కాదు, నీడను తీయాలి. గ్రిల్లు నీడ, జాలీ నీడ, తాడు మీద ఆరేసిన చీర నీడ గోడ మీద కత్తితో కోసినట్టు పడతాయి.

మే 7, 8 తేదీల ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో, మధ్యాహ్నం పన్నెండుంబావు అటూఇటుగా సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. నిలువుగా ఉన్న దేనికీ పక్కన నీడ ఉండదు. కరెంటు స్తంభం నేలకు అతికించినట్టు కనబడుతుంది. చెప్పులు విడిచి నిలబడ్డ మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకుపోతుంది. ఆగస్టులో మబ్బు కమ్మే అవకాశం ఎక్కువ కాబట్టి మే నెలను నమ్ముకోండి. తలకు తువ్వాలు చుట్టుకోండి, నీళ్ల సీసా మరిచిపోకండి. ఫోన్ వేడెక్కి కెమెరా ఆగిపోతే నీడలో పెట్టి పది నిమిషాలు ఆగండి. చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది.

ఇంకొక సంగతి. వేపచెట్టు కింద నేల మీద పడే గుండ్రటి వెలుగు చుక్కలు చూసే ఉంటారు. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు కదా, మరి చుక్కలెందుకు గుండ్రంగా ఉంటాయి? ప్రతి సందూ సూదిబెజ్జం కెమెరాలాగా పనిచేసి సూర్యుడి బొమ్మను నేల మీద వేస్తుంది. 2019 డిసెంబరు 26 పొద్దున సూర్యగ్రహణం పట్టినప్పుడు మా వీధి వేపచెట్టు కింద చుక్కలన్నీ కొడవళ్లయ్యాయి. గ్రహణమని జనమంతా తలుపులు వేసుకుంటే నేను రోడ్డు మీద కూర్చుని సిమెంటు నేలను తీశాను. ఆరోజు గిరాకీ ఎలాగూ లేదు.

3. ఎండ పడని చోటు వెలుగును గుర్తుపట్టండి

నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒక పూట పోయి రండి. గిరి దాటొచ్చు, ఈ ఒక్కదానికి మినహాయింపు. గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఒకేచోట ఉంటుంది. మన ఇంటి స్తంభం నీడ పొద్దుతో పాటు జరుగుతుంది, ఇక్కడ మాత్రం జరగదు. ఎందుకంటే గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు. బయట చెదిరిన ఆకాశపు వెలుగు స్తంభాల మధ్య నుంచి లోపలికి చేరుతుంది. సూర్యుడు ఎక్కడున్నా ఆ వెలుగు వచ్చే దారి అదే, కాబట్టి నీడా అదే. కుందూరు చోళుల కాలంలో ఆ స్తంభాలను అలా నిలబెట్టినవాళ్లకు వెలుగు గురించి బాగానే తెలిసి ఉండాలి.

దీన్ని ఇంట్లో వాడుకోవచ్చు. ఎండ పడని తలుపు, అంటే పొద్దున పడమటి తలుపు, సాయంత్రం తూర్పు తలుపు చూసుకోండి. గడప నుంచి రెండు, మూడు అడుగులు లోపలికి ఏ వస్తువునైనా పెట్టండి. మీరు తలుపుకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. ఒక పక్క మెత్తటి వెలుగు, రెండో పక్క మెల్లగా చీకట్లోకి జారుతుంది. చీకటి మరీ ఎక్కువైతే ఆ పక్కన తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెట్టండి. కిటికీలోంచి ఎండ నేరుగా కొడుతుంటే తెల్ల పంచె అడ్డం కట్టండి. స్టూడియోల్లో వేలు పోసి కొనే సామాను చేసే పని ఇంచుమించు ఇదే.

4. ఒక వస్తువుకు ఏడు రోజులు ఇవ్వండి

ఇప్పుడు జాబితాలోంచి ఒక్కటి తీసుకోండి. వారమంతా అదే. రోజుకు ఐదు ఫొటోలకు మించి తీయొద్దు. నేను మొదట బత్తాయి తీసుకున్నాను. నల్గొండ వాణ్ణి, ఇంకేం తీసుకుంటాను?

మొదటి రోజు ప్లేట్లో పెట్టి తీశాను, క్యాలెండర్ బొమ్మలా వచ్చింది. రెండో రోజు ఇంకొకటి కోసి తీశాను, జ్యూసు కొట్టు బోర్డులా వచ్చింది. మూడో రోజు విసుగు. ఈ మూడో రోజు మీకూ వస్తుంది, ఆ రోజు మానేయకండి. నాలుగో రోజు దగ్గరికి పోయాను. తొక్క మీద చిన్నచిన్న గుంటలు, ఆకుపచ్చ నుంచి పసుపుకు మారేచోట ఒక మచ్చ, తొడిమ ఊడిన చోట నక్షత్రంలాంటి గుర్తు. ఐదో రోజు పండును వదిలేసి మార్కెట్‌కు పోయే గంపను, దాని అడుగున నలిగిన ఎండుగడ్డిని తీశాను. ఆరో రోజు రాత్రి షాపు కట్టేసే ముందు ట్యూబులైటు కింద తీసింది వారం మొత్తంలో మంచి ఫొటో. పండు ఒక పక్క ఎండిపోయి ముడత పడింది. ఆ ముడత రావడానికే ఆరు రోజులు పట్టింది మరి. ఏడో రోజు మా ఆవిడ దాన్ని పారేసింది.

అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో సిమ్లా మిర్చికాయను తీసిన ఫొటో ఒకటుంది, ముడుచుకుని కూర్చున్న మనిషి వీపులా ఉంటుంది. కాయను ఎలా పెట్టినా కుదరక చివరికి ఒక రేకు గరాటులో పెట్టాడాయన. గరాటు గోడల నుంచి వెలుగు అన్ని పక్కలా తిరిగి కొట్టి కాయ ఒంపులన్నీ లేచాయి. మీరు స్టీలు గిన్నెతో ప్రయత్నించండి. వంకాయ, వెల్లుల్లిగడ్డ, అల్లం ముక్క ఏదైనా సరే. గిన్నె అంచు మాత్రం ఫొటోలోకి రానివ్వకండి.

వస్తువు దొరకలేదంటే కిటికీ ఉంటుంది. ప్రాగ్ నగరంలో జోసెఫ్ సుదెక్ అని ఒకాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. 1940లో, ఊరు జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో, తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టి పదేళ్లకు పైగా అదే కిటికీని తీశాడు. ఆవిరి పట్టిన అద్దం, గట్టు మీద గ్లాసు, బయట వంకర చెట్టు. నాకు కౌంటర్ వదిలి కదలడానికి లేదనిపించి దిగులేసినప్పుడు ఆయన గుర్తొస్తాడు. మా షాపు గాజు అల్మరాలో దగ్గు మందు సీసాల మీద సాయంత్రం బస్సుల హెడ్‌లైట్లు పాకుతుంటాయి. అది నా కిటికీ.

పెద్ద వస్తువుల దగ్గర కూడా ఇదే కిటుకు. మహబూబ్‌నగర్‌లో చుట్టాలింటికి పోయినప్పుడు పిల్లలమర్రి చూశాను. వందల ఏళ్ల చెట్టు, ఎకరాల మేర ఊడలు. అందరూ వెనక్కి వెనక్కి నడుస్తూ చెట్టంతా ఒక్క ఫొటోలో పట్టాలని చూస్తారు. పట్టదు. నేను దారి పక్కనున్న ఒక్క ఊడ ముందు గంట సేపు నిలబడ్డాను. 2018లో ఈ చెట్టుకు చెదలు పట్టినప్పుడు కొమ్మలకు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ సంగతి పేపర్లో చదివినప్పటి నుంచి మందుల షాపు వాడిగా నాకు ఆ చెట్టంటే కొంచెం పేషెంటు మీద ఉండే అభిమానం.

5. ఫోన్ దగ్గర చేయాల్సినవి

ఇవి గబగబా చెప్పేస్తాను. ముందు లెన్స్ తుడవండి. జేబులోని చెమట, నూనె అంటుకుని సగం ఫొటోలు మసకగా వచ్చేది అందుకే. సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకోండి, గోడలూ తలుపులూ వాలిపోకుండా ఉంటాయి. రెండు వేళ్లతో లాగి జూమ్ చేయకండి, కాళ్లతో దగ్గరికి నడవండి. ఫోన్‌లో 2 రెట్ల లెన్స్ విడిగా ఉంటే అది వాడొచ్చు, ముఖాలకు అదే మంచిది. మామూలు లెన్స్‌తో మరీ దగ్గరికి పోతే ముక్కు పెద్దదవుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ బిందె చెవిని, చీపురు పుల్లల్ని సగానికి కోసి మసక చేస్తుంది, వస్తువులకు వాడకండి.

అన్నిటికంటే ముఖ్యమైంది వెలుగు తగ్గించడం. తెర మీద వెలుగు ఎక్కువున్న చోట వేలితో నొక్కి పట్టండి. ఫోకస్, వెలుగు రెండూ అక్కడ ఆగిపోతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. నీడలు నల్లబడిపోతాయి, పోనివ్వండి. ఫోన్ తనంతట తాను చీకటినంతా వెలిగించి అన్నిటినీ సమానంగా చూపించాలని చూస్తుంది. నా బిందె ఫొటోను ఫోన్ ఇష్టానికి వదిలేసి ఉంటే ఆరు బిందెలూ ఒకేలా కనబడేవి. మిగతా ఐదూ చీకట్లో ఉండబట్టే ఆ ఒక్కటి మెరిసింది.

పెద్ద కెమెరా ఉన్నవాళ్లు 50 ఎంఎం లెన్స్ ఒక్కటి పెట్టుకుని నెల తిరగండి. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. బ్యాగు, స్టాండు ఇంట్లో వదిలేయండి. మెడలో పెద్ద బ్యాగుతో వీధిలోకి దిగితే పేపరువాళ్లొచ్చారని జనం సమస్యలు చెప్పుకోవడానికి వస్తారు. నాకు రెండుసార్లు అయింది, ఒకసారి డ్రైనేజీ గురించి, ఒకసారి పింఛను గురించి.

6. కదిలేవాటిని రెండు రకాలుగా తీయండి

ఆపి తీయాలంటే కెమెరా షట్టర్ సెకనులో 500వ వంతు సేపో, అంతకంటే తక్కువ సేపో తెరుచుకోవాలి. రోడ్డు మీద వడ్లు ఆరబోసి పారతో ఎగదోస్తున్నప్పుడు గింజలు గాలిలో ఆగిపోతాయి. కదలికే కనబడాలంటే సెకనులో 8వ వంతో, 15వ వంతో పెట్టి చేతిని స్తంభానికి ఆనించి ఊపిరి బిగబట్టండి. ఫోన్‌లో అయితే ప్రో మోడ్‌లో ఈ అంకెలు మార్చుకోవచ్చు.

దీనికి మన ప్రాంతంలో ఉన్నంత మంచి సబ్జెక్టు నాకు ఇంకెక్కడా కనబడలేదు. పోచంపల్లి, పుట్టపాక వైపు చీరకు చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా దారాలను అక్కడక్కడ బిగించి కట్టే ముందు, ఆసు పోస్తారు. ఒక పక్కనున్న మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రంలా ఉన్న మేకుల దాకా దారం పట్టుకున్న చెయ్యి రోజుకు వేలసార్లు తిరుగుతుంది. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు వైపు నుంచి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతితో ఆసు పోసే ఇల్లు ఎక్కడైనా కనబడితే నెమ్మది షట్టర్‌తో తీయండి. మేకులు, దారాలు నిశ్చలంగా ఉంటాయి, చెయ్యి ఒక్కటే పొగలా మారుతుంది. ఆ చెయ్యి ఎన్నిసార్లు తిరిగిందో ఆ పొగే చెబుతుంది.

బస్సు కిటికీ కూడా మంచి చోటు. నల్గొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ పోయే దారిలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, వాటి నీడన మేకలు కనబడుతుంటాయి. ఎండ తగలని వైపు సీటు పట్టుకోండి. అద్దం ఉంటే లెన్స్‌ను దానికి ఆనించండి, బస్సు కుదుపులకు చేతిని మాత్రం కిటికీకి ఆనించకండి. దగ్గరి ముళ్లకంప గీతలుగా సాగిపోతుంది, దూరపు గుండు కదలదు. సెప్టెంబరు, నవంబరు మధ్య హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ పోతే దారిలో బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలుంటాయి. అక్కడ బస్సు దిగేయండి.

7. మనుషుల్ని అడిగి తీయండి

వస్తువులతో చెయ్యి తిరిగాకే మనుషుల దగ్గరికి రండి. అప్పటికి ఎండ ఎక్కడ పడుతుందో తెలుసు కాబట్టి వాళ్లను అటు జరగండి, ఇటు తిరగండి అని సతాయించే పని ఉండదు. వాళ్లు రోజూ కూర్చునేచోటికి వెలుగు వచ్చే వేళకు మీరు పోతే చాలు.

అడగడానికి పెద్ద మాటలక్కర్లేదు. "పెద్దమ్మా, నువ్వు చింతపండు గింజ తీస్తుంటె మంచిగున్నది. ఒక్క ఫొటో తీసుకోనా?" అంటే చాలు. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేసి కాసేపు మాట్లాడండి. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగాల్సిందే. నల్లా దగ్గర, చెరువు దగ్గర ఆడవాళ్లను దూరం నుంచి దొంగచాటుగా లాగి తీయడం ఫొటోగ్రఫీ కాదు. నేను మా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లను ఇంతవరకు ఒక్కసారి కూడా తీయలేదు. వెలుగు ఎంత బాగున్నా సరే. ఎవరు ఏ చీటీ పట్టుకొచ్చారో అది వాళ్ల సొంత విషయం.

చేతుల్ని తీయడం మంచి మొదలు. ముఖం వద్దన్నవాళ్లు కూడా చేతులకు ఒప్పుకుంటారు. మిర్చి బండి దగ్గర శనగపిండిలో మునిగిన చేతులు, ఉల్లిగడ్డలు తరిగే చేతులు, బతుకమ్మ పేరుస్తూ తంగేడు మీద గునుగు పెట్టే చేతులు. వరంగల్ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022లో చనిపోయారు. తెలంగాణ ఇళ్ల దర్వాజలను, బతుకమ్మను, ఆడవాళ్ల రోజువారీ పనులను ఏళ్ల తరబడి తీశారాయన. దొరికితే ఆ ఫొటోలు చూడండి. ముస్తాబు చేసుకుని కెమెరా ముందు నిలబడినట్టు ఎవరూ ఉండరు.

8. ఏరుకోండి, దాచుకోండి

తీసిన రోజు ఏదీ ఏరొద్దు. ఆ రోజు అన్నీ బాగున్నట్టే ఉంటాయి. వారం ఆగి నెలకు పది మాత్రం ఉంచండి. రెండు ఫొటోల్లో ఏది మంచిదో తేలకపోతే తలకిందులుగా తిప్పి చూడండి. బిందె బిందెలా కాకుండా ఉత్త ఆకారంలా కనబడుతుంది, ఎక్కడ బరువు ఎక్కువైందో తెలుస్తుంది. రంగు గందరగోళంగా ఉంటే నలుపు తెలుపు చేసి చూడండి, కానీ చెడిన ఫొటోను కాపాడటానికి నలుపు తెలుపు చేయకండి. కాపాడదు.

ఒకే డిస్క్‌ను నమ్ముకోవద్దు. నా మూడేళ్ల ఫొటోలున్న హార్డ్ డిస్క్ ఒకరోజు టిక్ టిక్ అని ఆగిపోయింది. ఒక రిపేరు షాపులో ఇస్తే నాలుగు రోజులు పెట్టుకుని, కొత్తదానిలా ఖాళీ చేసి చేతికిచ్చారు. బిందె ఫొటో మిగిలింది ఎందుకంటే దాన్ని అప్పటికే ప్రింటు వేయించాను. ఇప్పుడు రెండు డిస్కులు, ఒకటి ఇంట్లో, ఒకటి షాపులో. ఆ పది ఫొటోలు ప్రతి నెలా ప్రింటు వేయిస్తాను.

9. కార్తెలు చూసుకుని మళ్లీ తిరగండి

నెల గడిచాక గిరి పెంచకండి, క్యాలెండర్ తిప్పండి. అదే రెండు వందల అడుగుల్లో మృగశిర కార్తె నాడు చేపల గంపలు దిగుతాయి, బండల మీద పొలుసులు మెరుస్తాయి. బతుకమ్మకు ముందు గునుగు కట్టలకు రంగులద్ది గోడవారన ఆరబెడతారు. సంక్రాంతికి ముగ్గు. ఎండాకాలం ముదిరితే మామిడికాయ ముక్కలు ఆరేసిన తెల్లగుడ్డ. టైంటేబుల్‌లో ప్రతి వస్తువు పక్కనా నెల పేరు కూడా రాసుకోండి. నా నోట్‌బుక్కులో నల్లా గోడకు "డిసెంబరు, 9:25, నాలుగు నిమిషాలు" అని ఉంది.

ప్రింట్లు మీ దగ్గరే పెట్టుకోకండి, ఎవరి వస్తువో వాళ్లకివ్వండి. ఆ రోజు నేను నల్లా దగ్గర గొంతుక్కూర్చుని తీస్తుంటే వెనక నుంచి, "ఏం సేటూ, బిందెలను ఫొటో తీస్తున్నవ్, నల్లా బిల్లుకా?" అని వినబడింది. స్టీలు బిందె ఆమెదే. "లేదు చెల్లె, నీ బిందె మీద ఎండ మంచిగ పడ్డది, గందుకే" అన్నాను. నవ్వి ఊరుకుంది. పది రోజుల తర్వాత ప్రింటు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "నన్ను తియ్యకపోతివి, బిందెను తీస్తివి. మరి నన్ను ఎప్పుడు తీస్తవ్?" అంది. మర్నాడే బిందె చింతపండుతో తోమి, మంచి చీర కట్టుకుని షాపు ముందుకొచ్చింది. టైం చూస్తే 10 అవుతోంది. ఎండ వీధంతా నిండిపోయింది. రేపు తొమ్మిదీ ఇరవైకి గోడ దగ్గరుండమని చెప్పాను.